నెల్డా పొడుగు రాడ్లు

బక్‌హార్న్ రేసు స్ట్రిప్పులో ఆ శనివారం మధ్యాహ్నం మాక్సీన్ కారు ఇంజను బద్దలైంది. ఏదో చిన్న చప్పుడు చేసి ఆగిపోవడం కాదు. ఫర్లాంగు దూరం పరుగులో ముప్పాతిక వంతు దాటాక బానెట్టు కింద ఎవరో సమ్మెటతో బాదినట్టు మోత వచ్చింది, వెనకాల తెల్లటి పొగ దుప్పటిలా పరుచుకుంది. లోపల పిస్టన్ని తోసే రాడ్డొకటి విరిగి, ఇనప గోడను చీల్చుకుని బయటికి తొంగి చూసింది. పక్క దారిలో ఉన్న డబ్ రాగ్స్‌డేల్ నారింజ రంగు కారు గీత దాటి, చివర మలుపు తిరిగి, నింపాదిగా వెనక్కి వచ్చింది. ఆ వేసవిలో అతనికది వరసగా పదకొండో గెలుపు.

డబ్ కారాపి అద్దం దించాడు.

"మాక్సీనమ్మా, పిల్లల్ని బడికి దింపే బండి తెచ్చి నా పక్కన నిలబెడితే ఇంతే మరి! ఇంటికి తీసుకెళ్ళి కోళ్ళగూడు చేసుకో. గుడ్లన్నా పెడతాయి."

కంచె పట్టుకుని నిలబడ్డ జనమంతా గొల్లుమన్నారు. మాక్సీన్ హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుంది. యాభై రెండేళ్ళ మనిషి, బొద్దుగా ఉంటుంది. వారంలో ఐదు రోజులు టెన్నెసీ కొండ దారుల్లో బడి బస్సు నడుపుతుంది, ఆరో రోజు ఈ ఆకుపచ్చ స్టేషన్ వాగన్‌తో రేసుకొస్తుంది, ఏడో రోజు అదే బండిలో చర్చికి వెళ్తుంది. ఎవరి మాటా పడే రకం కాదు.

"సెప్టెంబరులో లేబర్ డే పందేలకి రా డబ్, గుడ్లెవరు పెడతారో చూద్దాం. పెద్ద బ్లాకు ఇంజను వేసుకుని వస్తా."

"పెద్ద బ్లాకే! ఎవడు కడతాడమ్మా నీకు? ఈ చుట్టుపక్కల పెద్ద ఇంజను కట్టడం తెలిసినవాడు మా బావమరిది ఒక్కడే. వాడు నా ముఖం చూసి నీకు కట్టడు."

"నేను కడతా."

ఆ మాట ఎవరన్నారా అని అందరూ అటు తిరిగారు. అన్నది నెల్డా. తన నోట్లోంచి ఆ మాట ఊడిపడ్డందుకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది కూడా ఆవిడే.

నెల్డా మాక్సీన్‌కు ఆడపడుచు, అంటే మాక్సీన్ మొగుడు హార్లన్‌కు సొంత చెల్లెలు. ఇరవయ్యారేళ్ళుగా గ్రీర్ మెషిన్ షాపులో క్రాంకులు, అంటే ఇంజను లోపల తిరిగే ఇరుసులు, సానబట్టే మిషను ముందు నిలబడి పనిచేస్తోంది. అరిగిపోయిన క్రాంకుషాఫ్టు తెచ్చిపెడితే అంగుళంలో వెయ్యో వంతు తేడా రాకుండా నున్నగా చేసి ఇస్తుంది. అక్కడితో ఆవిడ పని సరి. ఆ క్రాంకుకు ఏ రాడ్డు తగిలించాలి, ఏ పిస్టను ఎక్కించాలి, ఇంజను ఎలా కూర్చాలి అనేదంతా వెనక గదిలో మగాళ్ళ పని. ఆవిడ అద్దం తలుపులోంచి చూస్తూ వచ్చింది, అంతే. ఇరవయ్యారేళ్ళు చూస్తే ఎవరికైనా ఎంతో కొంత వస్తుంది. నెల్డాకు చాలానే వచ్చింది. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

"నువ్వా?" అన్నాడు డబ్. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే నెల్డా? నీ సానరాయి నువ్వు చూసుకో."

నెల్డా చెవులు ఎర్రబడ్డాయి. మాక్సీన్ మాత్రం ఆడపడుచు భుజం మీద చెయ్యేసి, జనమందరికీ వినపడేలా అంది: "మా మరదలు కడుతుంది. ఆరు వారాలు. రాసుకోండి."

*

మర్నాడు చర్చి అయ్యాక ముగ్గురూ హార్లన్ ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, బెండకాయ వేపుడు, ముక్కలు కోసిన టమాటాలు. నెల్డా సగం తిని పళ్ళెం పక్కకు జరిపింది, పెన్సిలు తీసింది.

"ముందు క్రాంకు సంగతి తేల్చాలి," అంది. "మామూలు పెద్ద బ్లాకులో క్రాంకు, పిస్టన్ని నాలుగంగుళాలు పైకీ కిందికీ ఆడిస్తుంది. నేను నాలుగుంపావు వేద్దామనుకుంటున్నా."

"పావంగుళానికి ఇంత గోలా?" అన్నాడు హార్లన్. అతను రోడ్ల శాఖలో గ్రేడరు తోలుతాడు. మంచివాడే గానీ, ఏ పనికైనా ముందు అడ్డం చెప్పి తర్వాత సాయం చేసే మనిషి. "నాలుగు వేస్తే ఏం పోయింది? విరగదు, కాలదు."

"సైకిలు పెడలు కడ్డీ పొడుగైతే ఏమవుతుంది అన్నయ్యా? ఒక్కో తొక్కుకీ బలం ఎక్కువ. ఈ వాగన్ దున్నపోతంత బరువు. దీన్ని కదిలించాలంటే ఆ తొక్కుడు కావాలి. సిలిండర్ల బోరు వెడల్పు కూడా కాస్త పెంచితే ఇంజను సైజు నాలుగు వందల తొంభై ఆరు ఘనపుటంగుళాలు అవుతుంది."

మాక్సీన్ చెంచా కిందపెట్టేసింది. "తొంభై ఆరా? ఐదొందలు చేసెయ్యరాదూ?"

"కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి, అదీ మీ ఆవిడ వరస," అంది నెల్డా అన్నతో. ఇద్దరూ నవ్వారు. మాక్సీన్ మరదలి నెత్తిన రుమాలుతో ఒక్కటిచ్చింది.

ఆ తర్వాత నెల్డా కాగితం మీద నిలువుగా ఒక గీత గీసింది. అసలు కథ అక్కడుంది. బ్లాకు ఎత్తు ఎంతో, లోపల పేర్చే వస్తువుల ఎత్తు కూడా అంతే కావాలి. క్రాంకు ఆట సగం, దాని మీద రాడ్డు పొడవు, దాని మీద పిస్టను పిన్ను మధ్య నుంచి పిస్టను నెత్తి వరకు ఉండే ఎత్తు. మూడూ కూడితే బ్లాకు ఎత్తుకు ఒక వెంట్రుక తక్కువ రావాలి. ఎక్కువైతే పిస్టను వెళ్ళి పైన మూతలా ఉండే హెడ్డును గుద్దుతుంది. మరీ తక్కువైతే పైన ఖాళీ మిగిలి, ఇంజను మూలుగుతుంది తప్ప గర్జించదు.

"పెద్ద బ్లాకు ఎత్తు తొమ్మిది పాయింటు ఎనిమిది అంగుళాలు," అంది. "క్రాంకు సగం రెండంగుళాల నూట పాతిక వెయ్యో వంతులు. మిగిలిందాన్ని రాడ్డూ పిస్టనూ పంచుకోవాలి. నా మనసులో ఉన్నది ఆరూ మూడొందల ఎనభై ఐదు రాడ్డు. పొడుగు రాడ్డయితే పిస్టన్ని నిటారుగా తోస్తుంది, పక్క గోడకేసి రుద్దదు. పిస్టను పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది."

మాక్సీన్ గొంతు సవరించుకుంది. "అమ్మాయ్... పిస్టన్లు వచ్చేశాయి."

"ఎక్కడి నుంచి?"

"నిన్న సాయంత్రం కింగ్స్‌పోర్ట్ వెళ్ళానా, అక్కడొకడు రేసులు మానేస్తున్నాడు. ఎనిమిది పిస్టన్లు, కొత్తవి, పెట్టె కూడా విప్పలేదు. మన పాత ఫ్రీజరు ఇచ్చి తెచ్చేశా."

"మన ఫ్రీజరా?" అన్నాడు హార్లన్. "అందులో నా జింక మాంసం ఉంది!"

"మాంసం కూడా ఇచ్చా. లేకపోతే ఒప్పుకోలేదు."

హార్లన్ చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలోకి విసిరేశాడు. నెల్డా లేచి వెళ్ళి పెట్టె విప్పింది. మెరుస్తున్న పిస్టన్లు, చక్కటి పనితనం. బోరుకు కూడా సరిగ్గా సరిపోయేవే. చేతిసంచిలోంచి కొలబద్ద తీసి పిన్ను నుంచి నెత్తి వరకు కొలిచింది. ఒకటీ ఐదొందల ఇరవై. మొహం చిన్నబోయింది.

"ఇవి పొడుగు పిస్టన్లు వదినా. వీటికి పొట్టి రాడ్డే పడుతుంది. ఆరూ నూట ముప్పై ఐదు."

"పడితే పడనీ," అన్నాడు హార్లన్. "పొట్టి రాడ్లతో లక్ష ఇంజన్లు నడవటం లేదా?"

నడుస్తున్నాయి. అది నెల్డాకూ తెలుసు. కానీ ఇంత పెద్ద ఆటకు అంత పొట్టి రాడ్డు వేస్తే, పిస్టను అడుక్కి దిగినప్పుడు దాని అంచు క్రాంకు బరువులకు రాసుకునేంత దగ్గరికి వస్తుంది. ప్రతి తొక్కులోనూ పిస్టను గోడకేసి ఒరుగుతుంది. నడుస్తుంది, కానీ ఆవిడ మనసులో గర్జించిన ఇంజను అది కాదు. మొదటిసారి, బహుశా చివరిసారి, తన చేత్తో కట్టబోయే ఇంజను.

"సరే, ఉన్నవాటితోనే కానిద్దాం," అంది. "రేపు క్రాంకు కోసం విడిభాగాల కాటలాగు వాళ్ళకు ఫోను చేస్తా. రాడ్లు మాత్రం బ్లాకు వచ్చి, నేను కొలిచాకే."

"ఇంకా కొలిచేదేంటి? పెద్ద బ్లాకులన్నీ ఒకటే ఎత్తని నువ్వే కదా చెప్పావు?"

"అందరూ అలాగే అంటారు అన్నయ్యా. నేను కొలుస్తా."

*

బ్లాకు వెర్లన్ హాస్కూ కొట్టంలో దొరికింది. వెర్లన్ ఎనభై దాటిన పాల రైతు. అతని పాత ట్రక్కు పదిహేనేళ్ళ కిందటే తుప్పు పట్టి పోయింది. ఇంజను మాత్రం విప్పి ఎండుగడ్డి కింద దాచాడు. దాని మీద కోడి గుడ్లు పొదుగుతోంది. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా కదపడానికి వీల్లేదన్నాడు వెర్లన్. అలా పది రోజులు పోయాయి. రోజూ సాయంత్రం మాక్సీన్ బస్సు పని ముగించుకుని వస్తూ కొట్టం దగ్గర ఆగి, "ఏమ్మా, ఇంకా ఎంతసేపు?" అని కోడిని అడిగి వచ్చేది.

చివరికి బ్లాకు గ్రీర్ షాపుకు చేరింది. వేడి మందు నీళ్ళ తొట్టిలో ముంచి తీస్తే, జిడ్డూ తుప్పూ పోయి బూడిద రంగు ఇనుము బయటపడింది. పగుళ్ళు లేవు. గురువారం పనివేళ అయ్యాక, ఇంకా బయట ఎండ కొడుతూ ఉండగానే, నెల్డా దాన్ని బల్ల మీద నిలబెట్టి ఎత్తు కొలిచింది.

అంకె చూసి, పొరపాటు పడ్డాననుకుంది. కొలబద్ద తుడిచి మళ్ళీ కొలిచింది. ఇంకో మూల, ఇంకో మూల, నాలుగు మూలలూ.

పదీ రెండు వందలు.

ఉండాల్సిన దానికంటే అంగుళంలో నాలుగు పదో వంతులు ఎక్కువ.

స్టూలు మీద కూలబడింది. ట్రక్కన్నాడు వెర్లన్. వాళ్ళేమో చిన్న పికప్పు ట్రక్కనుకున్నారు. ఇది పాలపీపాలు మోసిన భారీ లారీ ఇంజను. వాటికి ఎత్తు బ్లాకులు వేసేవారని వెనక గదిలో మాటల్లో ఎప్పుడో విన్నది. ఎదురుగా కొత్త క్రాంకు పెట్టెలో ఉంది, పిస్టన్లు ఉన్నాయి. లేబర్ డేకి నాలుగు వారాలు కూడా లేదు. ఈ పిస్టన్లూ పొట్టి రాడ్లూ ఇందులో వేస్తే పైన వేలు పట్టేంత ఖాళీ. చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. డబ్ మొహం కళ్ళముందు కనిపించింది. కోళ్ళగూడూ కనిపించింది.

అప్పుడు, ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండలేక, బల్ల మీది సుద్దముక్క తీసుకుని కూడిక మళ్ళీ రాసింది. పదీ రెండు వందల్లోంచి క్రాంకు సగం తీసింది. పిస్టను తీసింది. పైన ఆ వెంట్రుక ఖాళీ కోసం ఇరవై వెయ్యో వంతులు తీసింది. మిగిలింది రాడ్డు.

ఆరూ ఐదొందల ముప్పై ఐదు.

సుద్దముక్క ఆగిపోయింది. ఆ అంకె ఆవిడకు తెలుసు. కాటలాగులో నూట పద్నాలుగో పేజీలో, కింది వరసలో ఉంది. అది ఎవరితోనూ ప్రత్యేకంగా చేయించాల్సిన పని లేదు. అరలో సిద్ధంగా ఉండే రాడ్డు. ఆవిడ కోరుకున్న పొడుగు రాడ్డు కంటే కూడా పొడుగు! పిస్టన్లు అవే. క్రాంకు అదే. మాక్సీన్ ఫ్రీజరిచ్చి తెచ్చిన ఆ పొడుగు పిస్టన్లే ఈ ఎత్తు బ్లాకులో అచ్చుగుద్దినట్టు కూర్చుంటాయి.

నెల్డా లేచి షాపు ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తింది. షాపు యజమాని గ్రీర్ ఆఫీసు గదికి తాళం వేస్తున్నాడు.

"తాళం తియ్యండి! ఫోను కావాలి!"

"ఏమైంది? చెయ్యి తెగిందా?"

"తెగలేదు, అతుక్కుంది! తియ్యండి ముందు!"

కాటలాగు వాళ్ళకు ఫోను చేసి ఎనిమిది రాడ్లు చెప్పింది. తర్వాత మాక్సీన్‌కు చేసింది.

"వదినా, నీ కోడి బంగారం! ఆ ముసలాయన బంగారం! బ్లాకు ఎత్తుది!"

"ఏంటే నువ్వు చెప్పేది? తాగావా?"

"నువ్వు తెచ్చిన పిస్టన్లు సరిపోయాయి. పొడుగు రాడ్డే పడుతోంది. అంగుళంలో నాలుగు పదో వంతులు, సరిగ్గా నాలుగు! అటు వెంట్రుక లేదు, ఇటు వెంట్రుక లేదు!"

మాక్సీన్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా ఫోనులోనే గట్టిగా ఈలేసింది. వెనక నుంచి హార్లన్ గొంతు వినిపించింది: "మరి నా జింక మాంసం?"

*

రాడ్లు వారంలో వచ్చాయి. ఆ తర్వాత రోజులు నెల్డాకు ఎలా గడిచాయో తెలియలేదు. పొద్దున ఊళ్ళోవాళ్ళ క్రాంకులు, సాయంత్రం తన క్రాంకు. అన్నం తింటున్నా చేతివేళ్ళ మధ్య ఏదో నట్టు తిప్పుతున్నట్టే ఉండేది. ముందు అన్నీ వదులుగా అమర్చి, క్రాంకును చేత్తో మెల్లగా తిప్పి చూసింది. ఇంత పెద్ద ఆటలో రాడ్డు బోల్టు తిరుగుతూ వచ్చి, సిలిండరు గోడ అడుగు అంచుకు టిక్కుమని తగిలింది. తగిలిన చోటల్లా రంగు గీత పెట్టి, ఇనుమును కొద్దికొద్దిగా చెక్కింది. మామూలు పేపరు క్లిప్పొకటి మధ్యలో సులువుగా దూరేదాకా చెక్కడం, తిప్పడం, మళ్ళీ చెక్కడం. ఎనిమిది చోట్లా అంతే.

ఇక ఆఖరున పిస్టను ఎక్కించి పైకి తెచ్చింది. మాక్సీన్ పక్కనే వంగి చూస్తోంది. కొలత ముల్లు కదిలింది, తూగింది, ఆగింది. బ్లాకు అంచుకు సరిగ్గా ఇరవై వెయ్యో వంతులు కింద.

"ఇది మంచిదేనా?" అంది మాక్సీన్.

నెల్డా కొలబద్ద బల్ల మీద పెట్టేసింది. వదినను వాటేసుకుని రెండు చుట్లు తిప్పింది. ఇద్దరికీ చేతుల నిండా నూనె. మాక్సీన్ బస్సు యూనిఫారం వీపు మీద ఆడపడుచు పది వేళ్ళూ పడ్డాయి.

సంతోషం శుక్రవారం దాకానే. ఆ రోజు హెడ్లు బిగించాక పైన గాలిగొట్టాల దిమ్మ పెట్టబోతే అది రెండు హెడ్ల మధ్యకు జారి కిందికి దిగిపోయింది. రెండు పక్కలా వేలు దూరేంత సందు. సిలిండర్లు V ఆకారంలో ఉంటాయి గనక బ్లాకు ఎత్తయితే హెడ్లు రెండూ దూరం జరుగుతాయి కదా! కూడికలో మునిగిపోయి ఆ సంగతి మరిచిపోయింది. సోమవారమే లేబర్ డే.

"అయిపోయింది," అన్నాడు హార్లన్, స్పానరు కింద పెడుతూ. "ఫోను చేస్తే వచ్చేసరికి వారం పడుతుంది."

"ఫోను ఎవరికి చేస్తాం అన్నయ్యా? ఇది మెషిన్ షాపు." నెల్డా అప్పటికే మూల పడున్న అల్యూమినియం పలక దుమ్ము దులుపుతోంది. "సందు ఉంటే నింపుతాం. నువ్వు ఆ చివర పట్టుకో."

శనివారం పొద్దుట ఆరింటికి మొదలుపెట్టారు. సందు మందం కొలిచి, పలకను రెండు ముక్కలు కోసి, గాలి పోయే రంధ్రాలు గీసి, మిల్లింగ్ మిషను మీద ఒక్కొక్కటే తొలిచింది. హార్లన్ నూనె పోస్తూ, లోహపు తురుము ఊడుస్తూ, "ఇది జరిగే పని కాదు," అని ప్రతి అరగంటకోసారి అంటూనే, టమాటా శాండ్‌విచ్‌లు చేసుకొచ్చి చెల్లెలి నోటికందించాడు. సాయంత్రం నాలుగింటికి రెండు పలకలూ కూర్చున్నాయి. వాటి మీద దిమ్మ కూర్చుంది.

శనివారం రాత్రి వాగన్‌లోకి ఎక్కించిన ఇంజన్ను ఆదివారం చర్చి కాగానే మొదటిసారి స్టార్టు చేశారు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి పట్టుకుంది. హార్లన్ ఇంటి కిటికీ అద్దాలు దడదడలాడాయి. పక్కింటి కుక్క మంచం కిందికి దూరి సాయంత్రందాకా బయటికి రాలేదట. నెల్డా ఒక చెయ్యి బానెట్టు అంచు మీద ఆనించి, ఆ వణుకు మోచేతి దాకా, భుజం దాకా ఎక్కనిచ్చింది. హార్లన్ ఏదో అంటున్నాడు, వినపడటం లేదు. ఇంజను ఆపాక మళ్ళీ అన్నాడు.

"జింక మాంసం పోతే పోయిందిలే అంటున్నా."

*

లేబర్ డే నాడు బక్‌హార్న్‌లో ఇసకేస్తే రాలనంత జనం. డబ్ రాగ్స్‌డేల్ కారును అద్దంలా తుడిచి తెచ్చాడు. మూడు పరుగులు, రెండు గెలిచినవారిదే పందెం.

"కోళ్ళగూడు వచ్చిందే!" అన్నాడు.

"నీ చేత సీటులోనే గుడ్లు పెట్టిస్తుందిలే," అంది మాక్సీన్.

మొదటి పరుగులో పచ్చదీపం పడగానే మాక్సీన్ పెడలు నేలకు తొక్కేసింది. ఆ బలానికి వెనక చక్రాలు నిలబడ్డచోటే గిర్రున తిరిగాయి. పొగలో వాగన్ మాయమైంది. అది కదిలేసరికే డబ్ సగం దూరం పోయాడు. జనం కేకలు, ఈలలు. డబ్ వెనక్కి వస్తూ ముక్కు మూసుకుని, కాలిన రబ్బరు కంపంటూ చేత్తో విసురుకున్నాడు.

మాక్సీన్ మొహం మాడిపోయింది. నెల్డా మాత్రం ఎగురుతోంది.

"చూశావా? చూశావా దాని బలం? రోడ్డు చాలట్లేదు దానికి!"

"ఓడిపోయాం కదే పిచ్చిదానా!"

"ఓడింది చక్రాలు, ఇంజను కాదు. అన్నయ్యా, వెనక టైర్లలో గాలి తగ్గించు. వదినా, నువ్వు బడి పిల్లలున్నప్పుడు బస్సు ఎలా కదుపుతావు?"

"నెమ్మదిగా."

"అలాగే కదుపు. బండి కదిలాక అప్పుడు తొక్కు. దీనికి నెమ్మదిగా తిరిగేటప్పుడే బలముంది, తొందరేం లేదు."

రెండో పరుగు. పచ్చదీపం. ఈసారి పొగ లేదు. వాగన్ ముక్కు పైకి లేచింది, వెనక భాగం నేలకు అణిగింది, అంత పెద్ద బండీ వడిసెల్లోంచి రాయిలా పోయింది. డబ్ కారు దాని పక్కనే సగం దూరం వచ్చింది. ఆ తర్వాత రాలేకపోయింది. గీత దగ్గర కారు పొడవు తేడా. కంచె దగ్గర అందరూ ఒకేసారి అరిచారు. వెర్లన్ హాస్కూ చేతికర్ర గాల్లో తిప్పుతూ, "నా ట్రక్కురా! అది నా పాల ట్రక్కురా!" అని పక్కవాళ్ళందరికీ చెబుతున్నాడు.

మూడో పరుగుకు డబ్ మాటలు తగ్గాయి. హెల్మెట్టు పట్టీ రెండుసార్లు బిగించుకున్నాడు. దీపం పడీపడగానే అతనే ముందు కదిలాడు, బాగా కదిలాడు. వాగన్ అర కారు వెనకబడింది. నెల్డా కంచె కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. వినిపిస్తోంది ఆవిడకు, గేరు మారడం, ఆ వెంటనే ఇంజను గొంతు కిందికి దిగి మళ్ళీ పైకి లాగడం. ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడా గీరుకోవడం లేదు. ఎనిమిది పొడుగు రాడ్లు నిటారుగా తోస్తున్నాయి. "లాగు," అంది. "లాగమ్మా, లాగు, లాగు!" ముప్పాతిక దూరంలో రెండు కార్లూ సమానం. గీత మీద వాగన్ ముక్కు ముందుంది. మూరెడు.

మాక్సీన్ వాగన్‌తో తిరిగొచ్చేసరికి జనం దారి ఇవ్వలేదు. హార్లన్ చెల్లెల్ని ఎత్తుకోబోయి నడుం పట్టేసి అక్కడే కూర్చున్నాడు. డబ్ హెల్మెట్టు తీసి నడిచొచ్చాడు. తడిసిన జుట్టుతో మనిషి చిన్నగా కనిపించాడు. బానెట్టు ఎత్తమన్నాడు. చాలాసేపు లోపలికి చూశాడు. అల్యూమినియం పలకలను గోటితో తట్టాడు.

"ఎత్తు బ్లాకా?"

"ఎత్తుదే."

"రాడ్లు?"

"ఆరూ ఐదొందల ముప్పై ఐదు."

డబ్ ఈల వేశాడు. "మా బావమరిది ఎప్పుడూ నాకు పొట్టివే వేస్తాడు. అడిగితే నీకేం తెలుసు అంటాడు." ఎటో చూస్తూ అన్నాడు: "చలికాలంలో నా ఇంజను విప్పుతున్నా. తీసుకొస్తే చూస్తావా?"

"చూస్తా," అంది నెల్డా. "మీ బావమరిదిని కూడా తీసుకురా. అద్దం తలుపులోంచి చూడనిస్తా."

డబ్ నవ్వాలా వద్దా అని ఆలోచించి, నవ్వేశాడు.

పొద్దు ఇంకా నాలుగు బారలుండగానే పందేలు ముగిశాయి. జనం కార్లెక్కుతున్నారు. స్ట్రిప్పు ఖాళీగా, నల్లటి చక్రాల గీతలతో ఎండలో మెరుస్తోంది. మాక్సీన్ వాగన్ తలుపు తెరిచి హెల్మెట్టు నెల్డా చేతిలో పెట్టింది.

"ఎక్కు."

"నేనా? నేనెప్పుడూ..."

"తెలుసు. ఇరవయ్యారేళ్ళు ఊరందరి ఇంజన్లకీ సానబట్టావు, ఒక్కసారి ఈ దారి మీద కాలు పెట్టావా? ఎక్కు. దీపాల దగ్గర వాళ్ళకి చెప్పా, ఒక్క పరుగు ఉంచమని."

నెల్డా ఎక్కింది. హెల్మెట్టు పెద్దదైంది, కళ్ళ మీదికి జారుతోంది. దడదడలాడుతున్న స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. పసుపు దీపాలు ఒకదాని కింద ఒకటి దిగొచ్చాయి. పచ్చది వెలిగాక కూడా ఒక క్షణం చూస్తూ ఉండిపోయింది. అప్పుడు తొక్కింది.

సీటు వీపును గుద్దింది. కొండలు రెండు పక్కలా కరిగి వెనక్కి పారాయి. ఏదో కేక వినిపిస్తోంది, చాలా గట్టిగా, సగం దూరం పోయాక గానీ అది తన గొంతేనని తెలియలేదు. గీత దాటాక కూడా కాలు తీయడం మరిచిపోయి, చివరి మలుపు దగ్గర గడ్డిలోకి వెళ్ళి ఆగింది.

పరుగుకు పట్టిన టైము చీటీ ఇచ్చే గదిలోని ముసలాయన కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "అమ్మా, ఈ రోజు మొత్తానికి ఇదే అన్నింటికంటే నెమ్మది," అన్నాడు.

"ఇటివ్వండి," అంది నెల్డా. చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుంది. "మళ్ళీ ఒకసారి పోవచ్చా?"